ఇంటి ముందు మొలిచిన పేర్లు

పొద్దున్నే కెండ్రా చేసే మొదటి పని ఎమెట్ మాత్రని చెంచాతో నలిపి ఆపిల్ గుజ్జులో కలపడం. తర్వాత వాడు మింగేదాకా పక్కనే నిలబడటం. ఆ తర్వాత బడి సంచి ముందు అరలో ముక్కులో కొట్టే మందు ఉందో లేదో తడిమి చూడటం. ఉందని తెలుసు, రాత్రి పెట్టింది తనే. అయినా తడుముతుంది.

"అమ్మా, నువ్వలా చూస్తుంటే నాకు గొంతు దిగట్లేదు" అన్నాడు ఎమెట్. వాడికి తొమ్మిదేళ్ళు.

"నిన్నెవరు చూశారు? కిటికీలోంచి బయటికి చూస్తున్నా."

"కిటికీ నీ వెనకాల ఉంది."

ఆమె భర్త డెరెక్ కాఫీ తాగుతూ నవ్వాడు. కెండ్రా కూడా నవ్వి, మాట నిలబెట్టుకోడానికన్నట్టు వెనక్కి తిరిగి నిజంగానే కిటికీలోంచి చూసింది. ఇంటి ముందు మంచు పల్చబడింది. అందులో రెండు చోట్ల, కింద పిల్లి పడుకున్నట్టు, చిన్న దిబ్బలు లేచాయి. ఆమె నవ్వు ఆగిపోయింది.

సెయింట్ ఓడిల్‌లో మార్చి సగం దాటితే ముందు పేరట్టలు మొలుస్తాయి, తర్వాతే గడ్డి. ఏప్రిల్ మొదట్లో ఎన్నికలు కదా. విస్కాన్సిన్‌లో మిగతా ఊళ్ళలో అయితే పోటీ చేసేవాళ్ళు తమ పేర్లు అట్టల మీద అచ్చేయించి, ఇనప పుల్లలకి తగిలించి, ఇంటింటికీ తిరిగి బతిమాలి గుచ్చుకుంటారు. ఇక్కడ ఆ బాధ లేదు. ఇంట్లో ఎంతమంది ఓటేసేవాళ్ళుంటే అన్ని అట్టలు వాటంతటవే నేల్లోంచి లేస్తాయి, ఎవరికి వెయ్యబోతున్నారో ఆ పేరుతో. నోటితో ఏం చెప్పినా అట్ట మాత్రం లోపలున్నదే చూపిస్తుంది. మనసు మారితే తెల్లారేసరికి పేరు మారుతుంది. మనిషి వేరే ఇంట్లో పడుకుంటే ఇక్కడ దిగిపోయి అక్కడ లేస్తుంది. ఓట్లు వేసిన సాయంత్రం అన్నీ మళ్ళీ నేల్లోకి వెళ్ళిపోతాయి. వాటిని పీకకూడదు, గుడ్డ కప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఎవరిదని అడక్కూడదు. పాల కేంద్రం దగ్గర ఒకాయన ఇంటి ముందంతా కాంక్రీటు పోయించాడు. అట్ట కాంక్రీటుని చీల్చుకునే వచ్చింది, కాస్త వంకరగా.

ఇన్నేళ్ళూ కెండ్రాకి అట్టలంటే ఒక లెక్క కాదు. ఈసారి వాటి మీద రాబోయే రెండు పేర్లలో ఒకటి తనది.

స్కూలు బోర్డుకి పోటీ చేస్తానని ఆమె కలలో కూడా అనుకోలేదు. పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగం. నలుగురిలో నోరు విప్పాలంటే చేతులు చల్లబడిపోయే మనిషి. అయితే కిందటి ఆకురాలు కాలంలో, స్కూలు బోర్డు ఖర్చు తగ్గించాలని మూడు బళ్ళకీ కలిపి ఒకే నర్సుని ఉంచింది. ఎమెట్ బడికి నర్సు వచ్చేది మంగళవారం. వాడు పడిపోయింది గురువారం. మందు నర్సు బీరువాలో ఉంది, తాళంచెవి నర్సు దగ్గరుంది, నర్సు ఇంకో బళ్ళో ఉంది. ఆఫీసులో ఆవిడ సుత్తి కోసం పరిగెత్తింది. అంబులెన్సు వచ్చేసరికి ఎమెట్ పెదాలు సిరా రంగులోకి తిరిగాయి. బతికాడు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచి, "అమ్మా, నా బూటొకటి ఏది?" అన్నాడు.

తర్వాత జరిగిన బోర్డు మీటింగులో కెండ్రా మైకు దగ్గరికి వెళ్ళి, కాగితం చూడకుండా ఒకే మాట అంది. "వాడికి ఫిట్స్ మంగళవారం చూసుకుని రావు కదండీ."

బోర్డు పెద్ద గ్యారీ బోడ్విన్ తలొంచుకున్నాడు. గ్యారీ చెడ్డవాడు కాదు. ఊళ్ళో ట్రాక్టర్ల షాపు ఆయనదే. డెరెక్ అక్కడే మెకానిక్కు. ఎమెట్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు జీతం కొయ్యకుండా సెలవిచ్చింది కూడా ఆయనే. మీటింగు అయ్యాక బయట కారు దగ్గర ఆమెని ఆపి మెల్లిగా చెప్పాడు.

"కెండ్రా, నీ మీద నాకేం కోపం లేదమ్మా. ఒక నర్సు జీతం అంటే ఒక బస్సు. మా పొలాల వైపు పిల్లలు చలిలో మైళ్ళు నడవాలా? నువ్వే చెప్పు, ఏ బస్సు తీసెయ్యను?"

కెండ్రా బండెక్కి ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి గ్యారీ సీటుకే పోటీగా పేరిచ్చేసింది. ఇచ్చిన క్షణం నించీ భయం.

*

రెండ్రోజుల ఎండకి మంచు కరిగి అట్టలు పూర్తిగా బయటపడ్డాయి. ఒకదాని మీద కెండ్రా డెల్ఫోస్ అనుంది. రెండోదాని మీద గ్యారీ బోడ్విన్ అనుంది.

ఆదివారం. వీధిలో కార్లన్నీ చర్చికి వెళ్తూ ఆ ఇంటి ముందుకి రాగానే నెమ్మదించాయి. ఎవరూ హారన్ కొట్టలేదు, ఎవరూ చెయ్యి ఊపలేదు. చూసి వెళ్ళిపోయారు. కెండ్రా తెర వెనకాల నిలబడి అన్నీ లెక్కపెట్టినట్టు చూసింది. డెరెక్ స్నానం చేసి వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది.

"ఉద్యోగం పోతుందని భయమా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఏంటి?"

"బయట చూడు."

డెరెక్ చూశాడు. చాలాసేపు చూశాడు. "కెండ్రా, అది నాది కాదు" అన్నాడు.

"ఇంట్లో ఓటున్నది ఇద్దరికి, డెరెక్. నీకూ నాకూ. ఒకటి నాది. రెండోది వీధి కుక్కదా?"

"నేను నీకే వేస్తున్నా. దేవుడి మీద ఒట్టు."

"అట్ట అబద్ధం చెప్తుందా?"

ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, అట్ట అబద్ధం చెప్పదని అతనికి ఆమెకంటే బాగా తెలుసు. అట్ట వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసి, ఏదో అనబోయి ఆగిపోయాడు. మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. జాలి లాంటిది. ఆ జాలి చూసి కెండ్రాకి ఒళ్ళు మండింది.

"అలా చూడకు నన్ను. నీ కొడుకు పెదాలు నల్లబడ్డ రోజు నువ్వూ ఉన్నావు కదా ఆస్పత్రిలో. మీ అమ్మ ఇంటికి పో. ఓట్లయ్యేదాకా నా కళ్ళ ముందుండకు."

"సరే" అన్నాడు డెరెక్. "కానీ నేను వెళ్తే..."

"వెళ్తే?"

"ఏం లేదు." సంచిలో రెండు చొక్కాలు పెట్టుకుని, ఎమెట్ తల నిమిరి, రెండు వీధుల అవతలున్న తల్లి బెర్నడీన్ ఇంటికి నడిచి వెళ్ళాడు. పికప్ బండి ఆమెకే వదిలేశాడు, అవసరం పడుతుందేమోనని.

మర్నాడు పొద్దున్న ఎమెట్ మాత్ర మింగుతుంటే ఫోను మోగింది. ఫోను మోగినప్పుడల్లా కెండ్రాకి ముందు బడే గుర్తొస్తుంది, కొడుకు కళ్ళెదురుగా ఉన్నా సరే. చేసింది బెర్నడీన్. డెబ్భై దాటిన మనిషి, ఇంకా తన ఇంటి ముందు మంచు తనే ఎత్తిపోసుకుంటుంది.

"పిల్లా, నా ఇంటి ముందు నాది ఒకటుంది, గ్యారీ పేరుతో. నీకు ముందే చెప్పా, పన్నులు పెంచేవాళ్ళంటే నాకు పడదని. అందులో దాపరికం ఏం లేదు."

"తెలుసు."

"తెల్లారి లేచి చూస్తే పక్కన ఇంకోటి లేచింది. నా కొడుకుది. దాని మీద నీ పేరుంది."

కెండ్రా ఫోను పట్టుకునే తలుపు తీసి బయటికొచ్చింది. చలి. కాళ్ళకి చెప్పుల్లేవు. నిన్న రెండున్నచోట ఇవాళ ఒకటే అట్ట ఉంది. రెండోది దిగిపోయిన చోట బురదలో సన్నటి గీత మిగిలింది. మిగిలిన అట్ట వీధి వైపు తిరిగి నిటారుగా, ఏ వంకరా లేకుండా నిలబడింది.

గ్యారీ బోడ్విన్.

ఆ ఇంట్లో ఇప్పుడు ఓటున్న మనిషి తనొక్కతే.

"పిల్లా, ఉన్నావా?" అంటోంది ఫోన్లో బెర్నడీన్. "కాళ్ళకి ఏమన్నా వేసుకో. నువ్వు వట్టికాళ్ళతో నిలబడి ఉంటావని నాకు తెలుసు."

*

ఊరికి తెలియడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. రెండు వీధుల దూరంలో ఉన్న రెండిళ్ళని కలిపి చూస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. కెండ్రా డెల్ఫోస్ తన ఓటు తనకే వేసుకోవట్లేదు. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని పడుకునేముందు ఆమె వైపు ఒక చూపు చూసి వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు. అడక్కూడదు కదా. అడిగేస్తే బావుండునని ఆమెకనిపించింది.

ఆ వారమంతా రోజూ పొద్దున్నే అట్ట ముందు నిలబడింది. "నేను నాకే వేస్తా" అని పైకే చెప్పింది, పిచ్చిదానిలా. అద్దం ముందు చెప్పింది. బండిలో చెప్పింది. తెల్లారేసరికి అట్ట మీద మళ్ళీ అదే పేరు. తన లోపల తనకి తెలియకుండా ఇంకెవరో కాపరముంటున్నట్టు, ఆ మనిషి రోజూ రాత్రి వెళ్ళి ఆ పేరు రాసొస్తున్నట్టు అనిపించి, ఆ మనిషంటే ఆమెకి భయం పట్టుకుంది.

గ్యారీ ఒకరోజు షాపుకి వెళ్తూ ఆగాడు. కారు దిగలేదు, అద్దం దించాడు.

"ఇది నేను చేయించింది కాదు, కెండ్రా. నీకు తెలుసు కదా."

"తెలుసండీ."

"దీన్ని చూస్తే నాకే ఏదోలా ఉంది. గెలిస్తే గెలిచినట్టుండాలి గానీ, ఇలా... డెరెక్ ఏం తినట్లేదు షాపులో. నువ్వేమన్నా చెప్పు వాడికి."

*

ఓట్లకి ముందు శుక్రవారం ఫైరు స్టేషన్ హాల్లో బూయా అనే పులుసు పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. కోడి, గొడ్డు మాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు అన్నీ కలిపి మనిషి కూర్చోగలిగేంత గంగాళంలో పొద్దుట్నించీ ఉడికిస్తారు. ఊరంతా గిన్నెలు పట్టుకుని వస్తుంది. పోటీ చేసేవాళ్ళిద్దరూ వంతులవారీగా మాట్లాడాలి. ఒకళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు పడవ తెడ్డంత కర్రతో గంగాళం కలుపుతూ ఉండాలి. మాట్లాడేవాళ్ళు కలపకూడదు, కలిపేవాళ్ళు మాట్లాడకూడదు. కలపడం ఆపారో, అడుగంటుతుంది. అడుగంటితే ఊరి పరువు పోతుంది. వాళ్ళ తాతలు బెల్జియం నించి వచ్చిన నాటి నించీ బూయా అడుగంటలేదని చెప్పుకుంటారు.

ముందు గ్యారీ మాట్లాడాడు. కెండ్రా తెడ్డు తిప్పింది. బస్సుల గురించి, పాతబడ్డ బాయిలర్ గురించి, పన్నుల గురించి ఆయన నెమ్మదిగా, నమ్మకంగా చెప్పాడు. ఆవిరిలో ఆమె జుట్టు మొహానికి అంటుకుంది. కలుపుతున్నంతసేపూ ఒకే ఆలోచన. ఈ గంగాళం ఇలాగే ఉడుకుతూ ఉంటే, నా వంతు రాకుండా ఉంటే.

వంతు వచ్చింది. తెడ్డు గ్యారీ చేతికిచ్చి మైకు దగ్గరికెళ్ళింది. ముందు వరసలో బెర్నడీన్, పక్కన ఎమెట్. వెనకాల గోడకి ఆనుకుని డెరెక్. ఆమె రాసుకున్న కాగితం తెరిచింది. తెరవగానే గ్యారీ బావమరిది రస్ లేచాడు. అప్పటికి రెండు బీర్లు పడ్డాయి.

"నువ్వు చదివేముందు ఒకటి, కెండ్రా. మీ ఇంటి ముందుందే, ఆ అట్ట ఎవరిది?"

హాలంతా ఒక్కసారిగా ఖాళీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "కూర్చోరా రస్" అన్నారెవరో. బెర్నడీన్ వెనక్కి తిరిగి, "నీ చిన్నప్పుడే నీ మూతి మీద కొట్టాల్సింది, మీ అమ్మ స్నేహితురాలని వదిలేశా" అంది. కొందరు నవ్వారు. కెండ్రా నవ్వలేదు.

"అడగనీ అత్తా" అంది. కాగితం మడిచింది. "అది నాదే."

కాగితాన్ని జేబులో పెట్టుకుంది.

"వారం నించీ చూస్తున్నా. నాకు నేనే ఎందుకు వేసుకోవట్లేదో నాకు అర్థం కాలేదు. ఇందాక తెడ్డు తిప్పుతుంటే అర్థమయింది. ఇప్పుడు మావాడికి ఏదన్నా అయితే, నేను గ్యారీ గారిని తిట్టుకోవచ్చు. బోర్డుని తిట్టుకోవచ్చు. తాళంచెవిని తిట్టుకోవచ్చు. తిట్టుకోడానికి ఎవరో ఒకరున్నారు. అదే నేను గెలిచి, నర్సుని తెప్పించి, బీరువా తెరిపించి, అన్నీ సరిగ్గా చేసి... అయినా వాడికి ఏమన్నా అయితే? అప్పుడు ఎవర్ని తిట్టుకోను? ఇంకెవరూ మిగలరు. అందుకే ఓడిపోవాలని ఉంది నాకు. లోపలెక్కడో. నర్సు కావాలి, గెలవకూడదు. అదీ నా అట్ట."

ఎమెట్ ఆమెనే చూస్తున్నాడు. ఇవన్నీ వాడి ముందు అనకూడదనుకుంది ఇన్నాళ్ళూ. అనేసింది.

"నాకు ఓటెయ్యమని ఇప్పుడు ఏ మొహంతో అడగను?" అంది. "మంగళవారం కాని రోజున మీ పిల్లాడు పడిపోతే ఎలా ఉంటుందో మటుకు ఒక్కసారి అనుకోండి. అంతే."

మైకు దగ్గర్నించి వచ్చేసింది. చప్పట్లు లేవు. మెల్లిగా ఒక వాసన హాలంతా కమ్ముకుంది. అందరికీ తెలిసిన వాసనే, అక్కడ ఎప్పుడూ రాని వాసన. తలలన్నీ గంగాళం వైపు తిరిగాయి.

గ్యారీ తెడ్డు మీద రెండు చేతులూ పెట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె మొదలుపెట్టిన దగ్గర్నించీ కలపలేదు. బూయా అడుగంటింది.

అందరూ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి, మాడు వాసనొస్తున్న బూయాని పోయించుకుని తిన్నారు. రస్ కూడా తిన్నాడు. పిల్లలు మూతి తిప్పితే పెద్దవాళ్ళు కళ్ళురిమి తినిపించారు.

*

ఆ రాత్రి మంచు పడింది. ఏప్రిల్‌లో అది మామూలే. తెల్లారి తలుపు తట్టిన చప్పుడుకి కెండ్రా ఉలిక్కిపడి లేచింది. బయట డెరెక్. చేతిలో సంచి, భుజాల మీద మంచు.

"అమ్మ పొమ్మంది" అన్నాడు. "గురక పెడుతున్నానట."

"నువ్వు గురక పెట్టవు."

"నేనూ అదే అన్నా."

ఆమె పక్కకి జరిగింది. అతను లోపలికి రాలేదు. "ఊళ్ళోంచి నడిచొచ్చా" అన్నాడు. "సగం ఇళ్ళ ముందు పేర్లు మారాయి. మా అమ్మది కూడా. ఏం అడక్కు, తిడుతుంది. కొన్ని ఇటు నించి అటు కూడా మారాయనుకో, భయపడిపోయి. కానీ ఎక్కువ నీవే." తర్వాత గొంతు తగ్గించాడు. "అది కాదు నేను చెప్పేది. ఇటు రా. మెట్ల పక్కన చూడు."

మెట్ల పక్కన మంచులోంచి ఇంకో అట్ట లేచింది. అరచేతికంటే కాస్త పెద్దది. తెల్లగా ఉంది. దాని మీద ఏ పేరూ లేదు.

వీధి దగ్గర ఆమె అట్ట గ్యారీ పేరుతో అలాగే ఉంది. దాని పక్కన, రాత్రికి తల్లి ఇంట్లోనే పడుకున్నాడు కాబట్టి, డెరెక్ అట్ట ఇంకా రాలేదు. అయితే ఈ మూడోది ఎవరిది?

"ఓటేసేవాళ్ళకే కదా వచ్చేది" అంది కెండ్రా.

"వేసేవాళ్ళకే" అన్నాడు డెరెక్. "వెయ్యబోయేవాళ్ళకి."

వాళ్ళ వెనకాల తలుపులోంచి ఎమెట్ బయటికొచ్చాడు, రాత్రి బట్టల్లో, ఒక కాలికి మేజోడు లేకుండా. వంగి అట్టని చూశాడు. "ఇదెవరిది? ఇంత బుల్లిగా ఉంది?"

కెండ్రా వేళ్ళ మీద లెక్కపెట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండితే గానీ ఓటు రాదు. వీడికి తొమ్మిది. అంటే ఇంకో తొమ్మిదేళ్ళకి వీడు ఓటేస్తాడు. నేలకి తెలియంది ఉండదు ఈ ఊళ్ళో. నిన్నటిదాకా ఈ అట్ట లేదు. ఊళ్ళో పేర్లు మారిన రాత్రే ఇది మొలిచింది.

"నీదే అనుకుంటా" అన్నాడు డెరెక్.

"పేరేం లేదుగా."

"అప్పుడు ఎవరు నిలబడతారో ఇప్పుడే ఎలా తెలుస్తుందిరా?"

ఎమెట్ ఆలోచించాడు. "నేను అమ్మకి మాత్రం వెయ్యను" అన్నాడు. "గొంతు వైపు చూస్తూ ఉంటుంది."

కెండ్రా మెట్ల మీద, మంచులోనే కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో డెరెక్‌కి తెలియలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

మంగళవారం ఓట్లు వేసింది అదే ఫైరు స్టేషన్ హాల్లో. మాడు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. కెండ్రా చాటుకి అట్టముక్కలు అడ్డంపెట్టిన బల్ల దగ్గర నిలబడి రెండు పేర్లనీ చూసింది. భయం తగ్గలేదు. పెన్ను గీత దాటకుండా తన పేరు పక్కనున్న సున్నాని నింపడానికి ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకోవాల్సొచ్చింది. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది, అట్టలన్నీ నేల్లోకి దిగిపోయాయి. తనది చివరికి ఏ పేరు చూపించిందో ఆమె చూడనే లేదు.

కొద్ది ఓట్లతో గెలిచింది. మర్నాడు గ్యారీ ఫోన్ చేసి అభినందించి, "బాయిలర్ సంగతి మర్చిపోకు, వచ్చే చలికాలం దాకా ఆగదు" అన్నాడు. డెరెక్‌తో షాపులో ఏమీ అనలేదు, రెంచీ అందించమన్నాడు అంతే.

మెట్ల పక్కన చిన్నది మాత్రం దిగలేదు.

*

ఎండాకాలమంతా డెరెక్ దాని చుట్టూ జాగ్రత్తగా గడ్డి కోశాడు. కెండ్రా భయం పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దానికి ఒక చోటు దొరికింది, అంతే. పొద్దున్న లేవగానే కొడుకు గదికి వెళ్ళేముందు కిటికీ దగ్గరికి వెళ్ళేది. గాలి గట్టిగా వీస్తే లేచేది. వడగళ్ళ వానకి ఒకసారి బకెట్టు బోర్లించడానికి పరిగెత్తి, కప్పకూడదని గుర్తొచ్చి, బకెట్టు పట్టుకుని తడుస్తూ దాని పక్కనే నిలబడింది. అట్ట ఉంటే వాడున్నట్టు. ఏదో ఒక పొద్దున్న లేకపోతే? ఆ మాట డెరెక్‌తో కూడా అనలేదు.

బోర్డు మీటింగుల్లో ఆమె చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చునేది. బస్సు తియ్యకుండా నర్సుకి జీతం ఎక్కణ్ణించి తేవాలో అని వేసవంతా అరిచారు, అరిపించుకున్నారు. చివరికి ఫుట్‌బాల్ మైదానానికి కొత్త దీపాలు వాయిదా వేశారు. దానికి ఊళ్ళో సగం మంది ఆమెతో మాట్లాడటం మానేశారు. బళ్ళు తెరిచేసరికి ఎమెట్ బడికి రోజూ నర్సు వచ్చింది. తెరీస్ అని, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మొదటి రోజే బీరువా తాళం ఊడదీసి చెత్తబుట్టలో వేసింది.

ఆకులు రాలే రోజుల్లో ఒక గురువారం పళ్ళ డాక్టరు దగ్గర ఫోను మోగింది.

"కెండ్రా, తెరీస్‌ని. ముందు విను, తర్వాత భయపడు. ఎమెట్ భోజనాల గదిలో పడిపోయాడు. పెద్దదే వచ్చింది. వెంటనే మందు కొట్టా. ఆగిపోయింది. ఇప్పుడు నా దగ్గరే నిద్రపోతున్నాడు. రంగు బావుంది. నెమ్మదిగా రా."

కెండ్రా పికప్ ఎక్కింది. వీధి చివర రెండు దార్లు. ఎడమకి తిరిగితే ఇంటి ముందు నించి వెళ్ళొచ్చు. కుడికి తిరిగితే నేరుగా బడికి. ఆమె పాదం బ్రేకు మీద ఆగింది. ఒక్క క్షణం. ఎడమవైపు వీధి, మేపుల్ చెట్లు, ఆ చెట్ల అవతల మెట్లు. చూస్తే తెలిసిపోతుంది. అక్కడ ఉంటే సరే. లేకపోతే, అక్కణ్ణించి బడిదాకా బండి నడపడం తన వల్ల కాదు.

కుడికి తిప్పింది.

బళ్ళో నర్సు గదిలో లైటు తగ్గించి ఉంది. ఎమెట్ పక్కకి తిరిగి పడుకున్నాడు. తెరీస్ వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది, ఊపిరి చూస్తూ. కెండ్రా వచ్చి వాడి రెండో పక్క నేల మీద కూర్చుని, వాడి చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది. పెదాలు గులాబీ రంగులోనే ఉన్నాయి.

"ఇంటి మీదుగా వచ్చావా?" అని అడిగింది తెరీస్, మెల్లిగా.

ఇన్ని నెలల్లో ఆ అట్ట గురించి ఎవరూ ఆమెని అడగలేదు. "లేదు" అంది కెండ్రా. "నేరుగా వచ్చేశా."

"మంచిదే." తెరీస్ దుప్పటిని వాడి భుజం మీదికి లాగింది. "నేను రోజూ పొద్దున్న అటు నించే వస్తా, చుట్టు తిరుగుడైనా. మీ అత్తా అటే నడుస్తుంది. గ్యారీ కూడా షాపు తెరిచేముందు అక్కడ కారు ఆపుతాడు."

కెండ్రా తలెత్తి చూసింది.

"ఇవాళా చూశాం" అంది తెరీస్. "ఉంది."